గోడ కడదామా, గేటు ఉంచుదామా

హైదరాబాద్‌లో మూసారాంబాగ్ వంతెనకు కాస్త ఎగువన, మూసీ ఒడ్డున ఒక కాలనీ పార్కు ఉంది. విస్తీర్ణం అరెకరం. నాలుగు కానుగలు, రెండు వేపలు, ఎవరు నాటారో ఎవరూ ఒప్పుకోని కోనోకార్పస్ వరస, పేవర్ బ్లాకుల నడక దారి, రంగు వెలిసిన ఓపెన్ జిమ్ సామాను, దాతల పేర్లు రాసిన సిమెంటు బెంచీలు, మూలన ఒక రేకుల గది. వెనక వైపు ఛాతీ ఎత్తు గోడ, అందులో ఇనప గేటు. గేటు తీస్తే మట్టి వాలు, ఆ కింద నది. ఆ గోడను పన్నెండు అడుగులకు లేపి, గేటును శాశ్వతంగా మూసేయాలని కాలనీ సంఘం తీర్మానం పెట్టింది. చందాల పుస్తకం నా చేతిలో ఉంటుంది కాబట్టి సంతకాలు సేకరించే చోట నేనూ ఉన్నాను.

వాదించుకున్న ఇద్దరిలో ఒకరు సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన టీచరమ్మ, కాపురం గ్రౌండ్ ఫ్లోర్‌లో. రెండోవారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, అదే వీధిలో మూడో అంతస్తు. అంతస్తులు ముందే ఎందుకు చెబుతున్నానంటే, వరద గురించి మనిషి అభిప్రాయం చాలావరకు అతను ఏ అంతస్తులో పడుకుంటాడన్న దాన్నిబట్టే ఉంటుందని నా అనుమానం.

టీచర్: సంతకం పెట్టుండ్రి సారూ. ఈ వీధిల మీ ఒక్కరిదే బాకీ.

ఇంజనీర్: పెట్టను టీచరమ్మా. గోడ వద్దని కాగితం రాస్తే దాని మీద పెడతాను.

టీచర్: గోడ వద్దనేటోళ్లు మూడో అంతస్తులనే ఉంటరు. 2025 సెప్టెంబరు 26 రాత్రి మీరు బాల్కనీల నిలబడి నదిని చూసిన్రు. నేను మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి బీరువా కింది అరలు ఖాళీ చేసిన. అలిగిన బతుకమ్మ నాడు అది. ఆ రోజు మేం పూలు పేర్చం, ఆడం. అమ్మవారు అలిగిందో లేదో గాని మూసీ మాత్రం అలిగింది. 2020 అక్టోబరుల ఒకపారి, మళ్ల ఇప్పుడు. ఇంకెన్ని పార్లు ఫ్రిజ్ కొనాలె?

ఇంజనీర్: నీళ్లు మీ ఇంట్లోకి ఏ దారిన వచ్చాయో గమనించారా?

టీచర్: ఏ దారేంది? నదిల నుంచి వచ్చినయ్.

ఇంజనీర్: నదిలోంచే. దారి అడుగుతున్నా. బాల్కనీలోంచి చూశానని కదా మీ కోపం, మరి చూసింది చెప్పనివ్వండి. పార్కు గోడ మీదుగా చుక్క రాకముందే మీ ఇంటి ముందు మ్యాన్‌హోల్ మూత లేచింది. మన వీధి వాననీటి కాలువ పార్కు పక్కనుంచి పోయి నదిలో కలుస్తుంది. నది మట్టం ఆ కాలువ నోటిని దాటిందంటే నీళ్లు వెనక్కి నడుస్తాయి. గోల్కొండ కోటగోడ తెచ్చి ఇక్కడ పెట్టినా ఆ దొంగదారి తెరిచే ఉంటుంది. పైగా మన మీద కురిసిన వాన బయటికి పోలేక గోడ లోపలే నిలుస్తుంది. అవతల నది, ఇవతల చెరువు, నడుమ మీ ఇల్లు.

టీచర్: అయితే కాలువ నోటికి మూత పెట్టించుండ్రి, గోడ గూడ కట్టించుండ్రి. రెండు కావాలె.

ఇంజనీర్: మూతకు ఇప్పుడే సంతకం పెడతా. ఒకే వైపుకు తెరుచుకునే ఇనప తలుపు అది. లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, నది తోస్తే మూసుకుంటుంది. ప్లాస్టిక్ సంచో కొమ్మో ఇరుక్కుంటే మాత్రం మూసుకోదు, నెలకోసారి ఎవరో ఒకరు దిగి చూడాలి. గోడకు మాత్రం పెట్టను. గోడ మనకు రానివ్వని నీళ్లు ఆవిరైపోవు కదా. ఎదుటి ఒడ్డున బస్తీ ఉంది, సగం రేకుల ఇళ్లు. నదికి ఒక పక్క జాగా తగ్గిస్తే మట్టం పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. ఆ భారం వాళ్ల మీద పడుతుంది. మీ బీరువా కోసం వాళ్ల బియ్యం డబ్బా మునగాలా?

టీచర్: మాటలు బాగున్నయ్. మరి ఈ అరెకరం వదిలిపెడ్తే ఎదుటి బస్తీ బతుకుతదా? ఇంజనీరు గదా, లెక్క చెప్పుండ్రి.

ఇంజనీర్: అరెకరం అంటే దాదాపు 21,800 చదరపు అడుగులు. అయిదడుగుల లోతు నీళ్లు నిలిచాయనుకుందాం. లక్షా తొమ్మిది వేల ఘనపుటడుగులు. ఆ రాత్రి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రెంటి నుంచీ వదిలింది 30 వేల క్యూసెక్కులకు పైనే. అంటే సెకనుకు 30 వేల ఘనపుటడుగులు.

టీచర్: అంటే?

ఇంజనీర్: అంటే... నాలుగు సెకన్లు కూడా కాదు.

(టీచరమ్మ గట్టిగా నవ్వింది. తన లెక్కతో తానే ఓడిపోయే ఇంజనీర్లు ఎక్కువమంది కనపడరు. ఈయన కనీసం లోతు పదడుగులని చెప్పి ఇంకో నాలుగు సెకన్లు సంపాదించుకునే ప్రయత్నం చేయలేదు. అది ఆయన ఖాతాలో వేయాలి.)

టీచర్: నాలుగు సెకన్ల నీళ్ల కోసం నన్ను ముంచుతరా సారూ?

ఇంజనీర్: పార్కు నీళ్లు దాచుకునే తొట్టి అని నేను ఎప్పుడూ అనలేదు. అక్కడ రాత్రిపూట ఎవరూ పడుకోరు. అదీ దాని ఉపయోగం. ఊయల మునిగితే బురద కడిగేసుకుంటాం. బెంచీ మునిగితే ఎండకు ఆరుతుంది. నదికి ఆనుకుని ఉన్న జాగాలో మునిగినా నష్టం లేనివే ఉండాలి. నగరంలో నది హద్దు నుంచి 50 మీటర్ల దాకా కట్టడాలు వద్దని 2012 భవన నియమాలు చెప్పింది అందుకే. ఈ ఒక్క అరెకరం నాలుగు సెకన్లే. బాపూఘాట్ నుంచి నాగోలు దాకా రెండు ఒడ్లనా ఇలా వదిలి ఉంటే అప్పుడు లెక్క సెకన్లలో ఉండదు.

టీచర్: ఉంటే, ఉంటే! లేదు గదా. ఇగ 1908 మొదలువెడ్తరేమో, అది నాకు చెప్పకుండ్రి. నా ఉద్యోగం పొడుగునా చెప్పిన పాఠం అది. సెప్టెంబరు 28. మూసీ పరీవాహకంల 788 చెరువులుంటే 221 తెగినయ్, ఒకటి తెగి ఇంకోదాని మీద పడ్డది. పదిహేను వేల మంది దాకా పోయిన్రని అంచనా. ఉస్మానియా దవాఖాన ఆవరణల చింతచెట్టు ఎక్కి 150 మంది బతికిన్రు, చెట్టు ఇంకా ఉన్నది. పిల్లలను తీస్కపోయి చూపించేదాన్ని, ఆ కొమ్మల మీద అంతమంది ఎట్ల పట్టిన్రని లెక్కలు వేసేటోళ్లు. ఇగ అటెనక నిజాం ఏం చేసిండు? మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిండు. ఆయన వచ్చి పార్కులు వదిలి దండం పెట్టుకోమన్నడా? 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ లేచినయ్. నది ఒడ్లకు రాతిగోడలు కట్టిన్రు. హైకోర్టుకు గోడ ఉండొచ్చు, దవాఖానకు గోడ ఉండొచ్చు, మా ఇంటికే వద్దా?

ఇంజనీర్: పాఠం మీరే బాగా చెప్పారు. ఒక్కటే కలుపుతాను. ఆ రాతిగోడలతో పాటు ఒడ్లను ఎత్తి, రోడ్లు తీసి, తోటలు వేశారు. ఆనకట్టలు వచ్చాక మనకు ధైర్యం వచ్చింది. ఇక నది ఏమీ చేయదనుకుని ఒక్కొక్క అడుగే లోపలికి దిగాం. ఆఖరికి మహాత్మాగాంధీ బస్టాండును నది పాయల నడుమ కట్టుకున్నాం. 2025లో ఆ బస్టాండులోకే నీళ్లు వచ్చి ప్రయాణికులను బయటికి తేవాల్సి వచ్చింది. ఆనకట్ట ఇచ్చిన ధైర్యం అది. గోడా అదే ధైర్యం ఇస్తుంది. ఇది లేచిన మర్నాటి నుంచే పక్క ఖాళీ జాగాలో అయిదంతస్తులకు పునాది తవ్వుతారు.

టీచర్: ఆనకట్టలు ఉండంగ ఇన్ని నీళ్లు ఎందుకు వదిలిన్రు, అది చెప్పుండ్రి ముందు.

ఇంజనీర్: వరద ఆపడానికి కట్టిన వాటిని మనం తాగునీటికి నింపి పెట్టుకుంటాం. సెప్టెంబరు చివరికి రెండూ నిండుగా ఉంటాయి. నిండిన బిందెలో చెంబెడు పోస్తే చెంబెడూ బయటికే. గేట్లెత్తేవాడికి ఆ రాత్రి వేరే దారి ఉండదు. ఖాళీ పెడితే, వాన రాకపోతే వేసవిలో మీరే అడుగుతారు నల్లా ఎందుకు రాలేదని.

టీచర్: సరే, వరద సంగతి పక్కకు పెడ్దం. అది ఏడాదిల రెండు రోజులు. మిగిలిన రోజుల సంగతి మాట్లాడుండ్రి. ఆ గేటు తీస్తే ఏమొస్తది? కంపు. నా మనవరాలి వెండి పట్టీలు నెలరోజులకే నల్లబడ్డయ్. ఏసీ రాగి గొట్టాలకు చిల్లు పడ్డదని మెకానిక్ ప్రతి వేసవిల గ్యాస్ నింపుతడు. గుర్రపుడెక్క పేరుకుపోయి చీకటి పడితే దోమలు మనిషిని ఎత్తుకపోతయ్. రాత్రి ట్రాలీ ఆటోలు వచ్చి ఆ గేటు పక్కనే ఇండ్లు కూలగొట్టిన పెళ్లలు పోస్తయ్, కోడి ఈకల సంచులు విసురుతరు. తాగెటోళ్లు సీసాలు అక్కడ్నే పగలగొడ్తరు. మీరు నది నది అంటున్నరు. వానలు పడనప్పుడు అండ్ల పారేది మనం బాత్రూంల గుంజి వదిలిందే గదా.

ఇంజనీర్: అందులో ఒక్క మాట కూడా కాదనను. ఎండాకాలంలో మూసీలో పారేది నగరం మురుగే. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది, అది చాలకే కదా కొత్తవి కడుతున్నారు. కానీ ఆ కంపులోని వాయువు గోడ ఎక్కి రాదా? పన్నెండు అడుగులు దానికి ఒక లెక్కా? మీ పట్టీలు గోడ కట్టినా నల్లబడతాయి. ఇక పెళ్లల సంగతి. గేటు ఉంది కాబట్టి ఆటో వచ్చిందని మీకు తెలిసింది, మీరు పోయి అరిచారు, నంబరు రాసుకున్నారు. మనకు ఎగువన ఉన్న కాలనీ వాళ్లు ఎత్తుగోడ కట్టుకున్నారు. ఎండల్లో మన గేటు దగ్గర నిలబడి అటు చూడండి. వాళ్ల గోడ వెనక నది సగం పూడిపోయింది. వాళ్లకు తెలియదు. పిల్లలకైతే ఆ గోడ అవతల నది ఉందనే తెలియదు.

టీచర్: తెలిస్తే ఏమొస్తది? చూసుడు తోటి నది బాగైతదా?

ఇంజనీర్: బాగుపడదు. కానీ పొద్దున ఆరున్నరకు మీరు ఆ గేటు దగ్గర ఎందుకు ఆగుతారు మరి? నేను నడిచేటప్పుడు చూస్తుంటా. పొడుగాటి ఎర్రకాళ్ల పిట్టలు వస్తాయి, తెల్లకొంగలు గడ్డి మళ్ల గట్ల మీద వాలతాయి. మీరు రోజూ ఓ అయిదు నిమిషాలు నిలబడతారు.

టీచర్: అవి పురుగులు తినడానికి వస్తయ్, మీ కవిత్వం కోసం కాదు. నేను ఆగేది మోకాళ్లు నొచ్చి.

(ఈ జవాబు నిజం కాదని నా నమ్మకం. ఆ నాలుగు కానుగలూ ఆమె నాటించినవే. బతుకమ్మ పేర్చడానికి గేటు పక్కనున్న చదును స్థలాన్ని ఎంచింది కూడా ఆమే. సద్దుల నాడు ఆ మురికిలో బతుకమ్మను వదలలేక ఇక్కడి ఆడవాళ్లు ఇంటి దగ్గరే ప్లాస్టిక్ తొట్టిలో నిమజ్జనం చేస్తారు. అంతసేపు నది పక్కన ఆడి, తొట్టిలో వదలడం ఎలా ఉంటుందో ఆమెనెవరూ అడగలేదు, నేనూ అడగలేదు.)

ఇంజనీర్: ఇంకో మాట. గేటు మనకొక్కరికే కాదు. అవతల మళ్లలో గేదెల గడ్డి పండించే అతను రోజూ మోపు ఎత్తుకుని ఈ గేటులోంచే వస్తాడు. మూసీ నీటి మీద బతికే రైతు. వరద రోజు పొద్దు గూకకముందే వచ్చేసి, రాత్రికి నది ఎక్కుతుంది అన్నాడు. ఫోన్లకు మెసేజీలు వచ్చింది ఆ తర్వాత. గేటు మూసేస్తే ఆ కబురు ఎవరు తెస్తారు?

టీచర్: ఆయన మాట నేను నమ్మిన. అందుకే ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు మీ ఇంటికి పంపిన.

ఇంజనీర్: ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. తీసుకుపోలేదు మీరు.

టీచర్: ఉండనియ్యుండ్రి.

ఇంజనీర్: ఎందుకు?

టీచర్: ఎందుకంటే సారూ, మీ మాట పట్టుకొని నడిస్తే ఎక్కడ తేలుతమో మీరు చూసుకోలేదు. పార్కు నదిది అంటున్నరు. మంచిగున్నది. మరి పార్కును ఆనుకున్న నా ఇల్లు ఎవరిది? 2024ల మూసీ ఒడ్డు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతోని ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే నది గర్భంల ఉన్న ఇల్లని, రాసిన్రు. చాదర్‌ఘాట్ దిక్కు చూసిన్రా మీరు? నేను చూసిన. నా దగ్గర చదువుకున్న పిల్ల ఇల్లు కూల్చిన్రు. ఎక్కడ్నో డబుల్ బెడ్రూం ఇచ్చిన్రు. ఆమె చేసే ఇంటి పనులన్నీ ఈడనే, ఉండేది ఆడ. గోడ ఇవతల కాలనీ, అవతల నది అని ఒక గీత పడ్డదనుకో, రేపు ఆ ఎర్ర రంగు డబ్బా గోడ దాటి రాదు. నాకు ఈ గోడ నీళ్ల కోసమే కాదు.

(సంఘం మీటింగుల్లో గోడ గురించి గంటలకొద్దీ మాట్లాడారు. వరద అన్నారు, దోమలన్నారు, దొంగలన్నారు. ఈ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. సంతకాలు చేసినవాళ్లలో సగంమందికి మనసులో ఉన్నది ఇదేనని నాకిప్పుడు అనిపిస్తోంది.)

ఇంజనీర్: అది ముందు చెప్పాల్సింది. చూడండి, గోడ పట్టా కాదు. నది హద్దు రెవెన్యూ రికార్డులో, సర్వేలో తేలుతుంది, మనం పేర్చిన ఇటుకల్లో కాదు. పైగా ఆ 50 మీటర్ల బఫర్‌లో అనుమతి లేకుండా పన్నెండు అడుగుల గోడ కడితే అదే ఆక్రమణకు సాక్ష్యమవుతుంది. మనకు మనమే నోటీసు రాసుకున్నట్టు. లేఔట్‌లో పార్కు అని చూపిన జాగా ఇప్పటికీ పార్కుగానే ఉండటం మీకు బలం. ఈ కాలనీ చెప్పినంత మేర జాగా వదిలిందని అది చెబుతుంది.

టీచర్: పడగొట్టేటందుకు వచ్చినోడు లేఔట్ కాగితం చదువుతడా?

ఇంజనీర్: దానికి నా దగ్గర జవాబు లేదు.

టీచర్: ఉండదు. మూడో అంతస్తుల ఉండేటోళ్లకు ఆ ప్రశ్న రాదు.

ఇంజనీర్: బిల్డింగు కూలితే మూడో అంతస్తు గాలిలో నిలబడదు టీచరమ్మా.

టీచర్: అదీ నిజమే. సరే, ఇంకొకటి అడుగుత. రాత్రి ఎవరూ పడుకోరు కాబట్టి పార్కు మునిగినా పర్వాలేదన్నరు.

ఇంజనీర్: అన్నాను.

టీచర్: మరి ఆ రేకుల గదిల ఎవరున్నరు?

(ఇంజనీరు మూలకు చూశాడు. నేనూ చూశాను. వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు ఆ గదిలో ఉంటారు. పార్కులో మోటరు వేసేది, చెట్లకు నీళ్లు పెట్టేది, పొద్దున గేటు తీసేది అతనే. వరద రాత్రి వాళ్లు కమ్యూనిటీ హాల్ మెట్ల మీద కూర్చున్నారు. ఇన్నాళ్ల చర్చలో వాళ్ల గది గురించి ఒక్కరూ అడగలేదు. గోడ పన్నెండు అడుగులు లేచినా ఆ గది గోడకు ఇవతల, మ్యాన్‌హోల్‌కు పది అడుగుల దూరంలోనే ఉంటుంది.)

ఇంజనీర్: ఆ గది అక్కడ ఉండకూడదు.

టీచర్: ఎక్కడ పెడ్తరు? మా ఇంటి మెట్ల కిందనా?

ఇంజనీర్: కమ్యూనిటీ హాల్ మేడ మీద సామాన్ల గది ఉంది. పాత వినాయక మండపం కర్రలు, చిరిగిన షామియానాలు తప్ప అందులో ఏమీ లేదు. నీళ్ల కనెక్షన్, చిన్న బాత్రూం పెడితే మనుషులు ఉండొచ్చు. మోటరు స్టార్టర్, పార్కు స్విచ్‌బోర్డు కూడా ఆరడుగుల ఎత్తుకు జరపాలి. మొన్న అవి నీళ్లలో ఉండగా కరెంటు ఎవరు ఆపారో నాకు ఇప్పటికీ తెలియదు.

టీచర్: నేనే ఆపించిన. లైన్‌మన్‌కు ఫోన్ చేసి.

ఇంజనీర్: మంచి పని చేశారు.

టీచర్: పైసలు ఎక్కడివి ఇదంత చేసెటందుకు?

ఇంజనీర్: గోడ చందా ఉంది కదా.

టీచర్: గోడకని తీసుకున్న చందా గోడకే పెట్టాలె. జనం అడుగుతరు.

ఇంజనీర్: జనాన్నే అడుగుదాం. మీటింగు పెట్టి, మీరు చెప్పండి. నేను చెబితే మూడో అంతస్తు అంటారు.

టీచర్: చెప్త. కానీ నా ఓటు గోడకే, అది మారదు. కాగితం మాత్రం ఇట్ల రాస్త. మొదటిది, వాచ్‌మన్ గది మేడ మీదికి. రెండోది, కాలువ నోటికి మూత, నెలకోసారి దాన్ని తీసి చూసే డ్యూటీ మీది. మూడోది గోడ. మూడోది అయ్యే దాకా గేటు తీసే ఉంటది, తాళం చెవి వాచ్‌మన్ దగ్గర. సంతకం పెడ్తరా?

ఇంజనీర్: మొదటి రెంటికీ పెడతాను. మూడోదాని పక్కన 'సమ్మతం లేదు' అని రాస్తాను.

టీచర్: రాసుకోండ్రి. చదివెటందుకు వీలుగ రాయుండ్రి.

అలాగే రాశారు. వచ్చే ఆదివారం కమ్యూనిటీ హాల్‌లో ఈ కాగితాన్ని చదివి వినిపించి ఓటు తీసుకుంటారు. పుస్తకం నా దగ్గరే ఉంది కాబట్టి ఒక సంగతి చెప్పగలను. పోగైన డబ్బు మొదటి రెండు పనులకు సరిపోతుంది. గోడకు మళ్లీ చందా ఎత్తాలి.